సీటు వచ్చింది సరే, డబ్బు ఉత్తరం వచ్చిందా?

పబ్లిక్ పాలసీలో మాస్టర్స్‌కి అప్లై చేసి కూర్చున్నవాళ్లని మార్చి నెలలో ఎవరు పలకరించినా అడిగేది ఒకటే: "సీటు వచ్చిందా?" అడిగేవాళ్ల తప్పేమీ లేదు. ఎంసెట్ రోజుల నుంచి మనకు అలవాటైన లెక్క అది. ర్యాంకు వస్తే సీటు, సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్, మిగిలింది నాన్న ఎలాగోలా సర్దుతాడు. ఈ కోర్సుల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నకు "వచ్చింది" అని చెప్పినా ఏమీ తేలదు. నేను అనదలుచుకున్నది ముందే అనేస్తాను. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చిన పాలసీ స్కూల్ అడ్మిషన్‌ని మాలాంటి ఇళ్లవాళ్లు అడ్మిషన్‌గా లెక్కపెట్టకూడదు. మర్యాదగా చెప్పిన 'నో' అనుకుని పక్కన పెట్టేయాలి.

అందని ద్రాక్ష పుల్లన అనే రకం మాట కాదిది. నాకొక ఉత్తరం వచ్చింది, సగం ఫీజు తగ్గింపుతో. ఒక చోట లేదన్నారు, మరో చోట వెయిట్‌లిస్టులో పెట్టారు. ఒక స్కాలర్‌షిప్‌కి ఇంటర్వ్యూ అయిపోయింది, ఫలితం జూన్‌కి గానీ రాదు. అంటే నేనింకా మధ్యలోనే ఉన్నాను. అంతా అయిపోయాక రాస్తే, వచ్చిన ఫలితాన్ని బట్టి అభిప్రాయం కూడా మారిపోతుందేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

ఈ చదువు సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఎంపీపీ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ) అని కొన్నిచోట్ల, ఎంపీఏ (అదే పబ్లిక్ అఫైర్స్ లేదా అడ్మినిస్ట్రేషన్) అని కొన్నిచోట్ల అంటారు. ఆర్థికశాస్త్రం, గణాంకాలు, బడ్జెట్లు, ఒక పథకం పనిచేసిందో లేదో కొలిచే పద్ధతులు నేర్పుతారు. అమెరికాలో మామూలుగా రెండేళ్లు. హార్వర్డ్ కెనెడీ స్కూల్, ప్రిన్స్‌టన్, బర్క్‌లీలో గోల్డ్‌మన్, షికాగోలో హారిస్ పేరున్నవి. ఆక్స్‌ఫర్డ్‌లో బ్లావట్నిక్ స్కూల్‌ది ఏడాది కోర్సు. బెర్లిన్‌లో హెర్టీ, సింగపూర్‌లో లీ క్వాన్ యూ స్కూల్ ఉన్నాయి. మన దగ్గరా బెంగళూరు నేషనల్ లా స్కూల్, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ), కౌటిల్య స్కూల్ లాంటివి వచ్చాయి. వాటి గురించి తర్వాత.

నేను పని చేసేది ఉపాధి హామీ సామాజిక తనిఖీల రికార్డులతో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ తనిఖీలను 2006లో మొదలుపెట్టి, 2009లో వాటికోసం విడిగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది. మిగతా రాష్ట్రాలు ఇక్కడికి వచ్చి చూసి వెళ్లాయి. తనిఖీకి వచ్చినవాళ్లు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి "ఈ వారం పనికి పోయినవా, పైసలు పడ్డయా" అని అడుగుతారు. తేడాలన్నీ రాసుకుని, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు. ఊళ్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఒక్కోసారి తలవంచుకుని నిలబడతాడు, ఒక్కోసారి చదువుతున్నవాళ్ల మీదికే లేస్తాడు. అదంతా అయ్యాక నా దగ్గరికి వచ్చేది ఒక ఎక్సెల్ షీటు. దారి తప్పిన సొమ్ము ఎంత అన్నది ఒక గడి, తిరిగి వసూలైంది ఎంత అన్నది పక్క గడి. రెండో గడిలో అంకె ఎప్పుడూ చిన్నదే. ఊరంతా చూస్తుండగా తప్పు ఒప్పుకున్న మనిషి దగ్గర డబ్బు వెనక్కి రాకపోవడానికి కారణాలు పని చేసేవాళ్లందరికీ తలా ఒకటి తెలుసు. వాటిలో ఏది ఎంత బరువైందో రుజువుతో చెప్పడం నాకు రాదు. అది నేర్చుకుందామని అప్లై చేశాను. తిరిగొచ్చి ఇదే పని ఇంకాస్త బాగా చేయాలని. ఈ 'తిరిగొచ్చి' అన్న మాట గుర్తుంచుకోండి, తగువంతా దాని దగ్గరే ఉంది.

అప్లికేషన్ గురించి ఎక్కువ చెప్పను, రాసుకున్నవాళ్లకు తెలుసు. సిఫారసు లేఖల ముచ్చట ఒక్కటి చెప్పాలి. దాదాపు ప్రతి స్కూలూ రెండు మూడు లేఖలు అడుగుతుంది. మన కాలేజీల్లో సార్ దగ్గరికి వెళ్తే ఆయన చాలా ప్రేమగా "నువ్వే రాసుకొచ్చెయ్యమ్మా, చూసి సంతకం పెడతా" అంటారు. ఇక మన గురించి మనమే 'నా పాతికేళ్ల బోధనా జీవితంలో ఇంత తెలివైన విద్యార్థినిని చూడలేదు' అని రాసుకోవాలి. సిగ్గుపడి తగ్గించి రాస్తే లేఖ చప్పబడుతుంది, సిగ్గు విడిచి రాస్తే చదివేవాడికి తెలిసిపోతుంది. ఢిల్లీలో పేరున్న కాలేజీలో చదివిన పిల్లకి ప్రొఫెసరే కూర్చుని, ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్ ఎలా రాసిందో గుర్తు చేసుకుంటూ రెండు పేజీలు రాస్తాడు. ఇద్దరి ఫైళ్లూ ఒకే బల్ల మీదికి వెళ్తాయి.

ప్రిన్స్‌టన్ వాళ్లు అదనంగా ఒక పాలసీ మెమో అడుగుతారు. కూలి డబ్బుల ఆలస్యం మీద రాశాను. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో మస్టర్ ముగిశాక 15 రోజుల్లో కూలి పడాలని, పడకపోతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని పెట్టారు. వెయ్యి రూపాయల కూలికి రోజుకు 50 పైసలు. ఆ అర్ధరూపాయి కూడా చాలామందికి అందలేదు. ఈ మెమో రాయడమే మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన పని. సీటు రాకపోయినా ఆ పేజీలు నాకు పనికొస్తాయి.

ఇక లెక్కల్లోకి వద్దాం.

మా మేనమామ టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. విషయం తెలిసి ఫోన్ చేశాడు. "ఎమ్మెస్ చేసినోళ్లకి అప్పు మూడు నాలుగేళ్లల్ల తీరుతది బిడ్డా. నీది ఎన్నేళ్లకు తీరుతది?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు ముందు కోపం వచ్చింది. సేవ చేద్దామని పోతుంటే అప్పు గురించి అడుగుతాడేంటని. కానీ అందరిలోకీ పాలసీ మనిషిలా ఆలోచించింది ఆయనే. ఖర్చెంత, రాబడెంత, ఎంతకాలానికి అన్నవి ఏ పథకానికైనా మొదట అడగాల్సిన ప్రశ్నలు.

తెలుగు ఇళ్లల్లో ఎమ్మెస్ లెక్క అందరికీ నోటికి వచ్చు. నలభై యాభై లక్షల అప్పు, రెండేళ్ల చదువు, తర్వాత ఏడాది ఓపీటీ (చదువయ్యాక అక్కడే పని చేసుకోవడానికి విద్యార్థులకిచ్చే అనుమతి), స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, లెక్కల కోర్సు కనుక ఇంకో రెండేళ్లు పొడిగింపు, ఆ మూడేళ్లలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు వస్తే వచ్చినట్టు, రాకపోయినా అప్పటికి అప్పు చాలావరకు తీరిపోతుంది. ఈ లెక్కలో ఇప్పుడు ఎన్నో చిల్లులు పడ్డాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుని వీసా హోదా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరించినా, కంపెనీల్లో పుట్టిన జంకు అంత తొందరగా పోదు. అయినా అది ఒక లెక్క. దానికి తలా తోకా ఉన్నాయి.

పాలసీ చదువుకు అదే లెక్క వేసి చూడండి. అమెరికాలో పేరున్న స్కూళ్లలో ఫీజే ఏడాదికి 60 వేల డాలర్లు దాటుతుంది. ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా కలిపితే రెండేళ్లకు రెండు లక్షల డాలర్ల దరిదాపుల్లోకి వెళ్తుంది. మన డబ్బులో కోటిన్నర పైమాటే. నాకు వచ్చినట్టు సగం ఫీజు తగ్గించినా తక్కువలో తక్కువ కోటి రూపాయలు మిగులుతుంది. ఎక్కడెక్కడివో గీకి 20 లక్షలు పోగేశామనుకుందాం. మిగిలిన 80 లక్షలకు 11 శాతం వడ్డీతో పదేళ్ల అప్పు తీసుకుంటే నెలవారీ కిస్తీ దాదాపు లక్షా పది వేలు. చదువుకునే రెండేళ్ల వడ్డీ అసలులో కలిస్తే అంతకన్నా ఎక్కువ. ఇప్పుడు తిరిగొచ్చి నేను చేయాలనుకుంటున్న ఉద్యోగం సంగతి. ఈ రంగంలో నాకు తెలిసినవాళ్లు, విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లే, నెలకు 60 వేల నుంచి లక్ష మధ్య తెచ్చుకుంటున్నారు. జీతం మొత్తం బ్యాంకుకు ఇచ్చినా చాలదు.

అక్కడే ఉండి కొన్నేళ్లు సంపాదించవచ్చు కదా అంటారు. ఏ ఉద్యోగం చేసి? అమెరికా కేంద్ర ప్రభుత్వ కొలువులకు దాదాపు అన్నిటికీ పౌరసత్వం కావాలి. అంటే ఈ స్కూళ్లు ప్రధానంగా ఏ కొలువుల కోసం తయారుచేస్తాయో ఆ తలుపు మనకు మొదట్నుంచీ మూసే ఉంది. అంతర్జాతీయ అభివృద్ధి రంగమని ఇంకో దారి ఉండేది. 2025లో అమెరికా విదేశీ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని మూసేశాక, అందులోంచీ దాని నిధులతో నడిచిన సంస్థల్లోంచీ బయటపడ్డ అనుభవజ్ఞులు వేల మంది అవే ఉద్యోగాల కోసం తిరుగుతున్నారు. మిగిలింది కన్సల్టింగ్ కంపెనీలు, డేటా ఉద్యోగాలు. దానికి మళ్లీ కోర్సుకు స్టెమ్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని పాలసీ డిగ్రీలకు ఉంది, కొన్నిటికి లేదు. ఒకే స్కూల్లో ఒక డిగ్రీకి ఉండి పక్క డిగ్రీకి లేకపోవచ్చు. ఇంతా చేసి ఏదో బ్యాంకులో డేటా ఎనలిస్టుగా చేరితే, ఆ పని మామయ్య చెప్పిన ఎమ్మెస్‌తో సగం ఖర్చుకే అయ్యేది.

నన్ను నవ్వించిన సంగతి ఇంకొకటి ఉంది. ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చే బ్యాంకు మేనేజరు అడిగేది "అక్కడ జాబ్ వస్తుందా, ఎంత ప్యాకేజీ?" అని. అక్కడే ఉండిపోతానని నమ్మకం కుదిరితేనే ఫైలు కదులుతుంది. అదే ఫైలుతో నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్‌కు వెళ్తే, ఆ అద్దం వెనక కూర్చున్న అధికారి దృష్టిలో చట్టరీత్యా నేను అక్కడే ఉండిపోవడానికి వస్తున్న మనిషిని. కాదని, చదువు అయ్యాక తిరిగొస్తానని నేను నమ్మించాలి. నమ్మకపోతే వాళ్ల వీసా చట్టంలోని 214(బి) సెక్షన్ కింద తిప్పి పంపుతాడు. ఒకే వారంలో ఒకే మనిషి ఒక కిటికీ దగ్గర ఉండిపోతానని, ఇంకో కిటికీ దగ్గర తిరిగొస్తానని చెప్పాలి. అందరు విద్యార్థులకూ ఉన్న ఇబ్బందే ఇది, కానీ నిజంగా తిరిగొద్దామనుకున్నవాళ్లకు మరీ విడ్డూరం. నా నిజం వీసా అధికారికి నచ్చుతుంది, బ్యాంకుకు నచ్చదు.

తాకట్టు సంగతి కూడా చూడండి. మాకు సూర్యాపేట దగ్గర మూడెకరాల పొలం ఉంది. రేటు బాగానే పలుకుతుంది. కానీ 2002 నాటి సర్ఫేసీ చట్టంలో 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. బాకీ పడితే ఆ చట్టం కింద బ్యాంకు పొలాన్ని వేలం వేయలేదు. వేలం వేయలేని ఆస్తిని చదువు అప్పుకు తాకట్టుగా పెట్టుకోవడం బ్యాంకులకు ఇష్టం ఉండదు. రైతును కాపాడటానికి పెట్టిన నిబంధన అది, మంచిదే, తీసేయమని నేను అనను. దాని వల్ల హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉన్నవాళ్ల పిల్లకు తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంది, అంతకన్నా విలువైన పొలం ఉన్నవాళ్ల పిల్ల తాకట్టు అడగని ఫైనాన్స్ కంపెనీ దగ్గరికి వెళ్లి ఎక్కువ వడ్డీ కడుతుంది. 'షో మనీ' సర్దిపెడతామనే కన్సల్టెన్సీలు ఈ సందులోంచే పుట్టుకొచ్చాయి. మూడు నెలలు మీ ఖాతాలో డబ్బు కనిపిస్తుంది, తర్వాత వెళ్లిపోతుంది, కమిషన్ మాత్రం మీరు ఇస్తారు.

ఇదంతా స్కూళ్లకు తెలియదా? తెలుసు. అందుకే మొదటి ఉత్తరం అంత ఆప్యాయంగా ఉంటుంది. 'మీ ప్రయాణం మమ్మల్ని కదిలించింది' అని రాస్తారు. ఆర్థిక సాయం సంగతి వేరే మెయిల్లో, వేరే ఆఫీసు నుంచి, పొడి భాషలో వస్తుంది. పెళ్లిచూపుల్లో పిల్ల చాలా నచ్చిందని కబురు చేసి, లాంఛనాల సంగతి పెద్దమనిషి చేత విడిగా చెప్పించినట్టు. నిర్ణయం నిజానికి ఈ రెండో కబురే.

డబ్బున్న స్కూలు ఎలా ఉంటుందో ప్రిన్స్‌టన్‌ని చూస్తే తెలుస్తుంది. అక్కడ రెండేళ్ల ఎంపీఏలో చేరినవాళ్లెవరూ ఫీజు కట్టక్కర్లేదు. దాని వెనక ఒక కథ ఉంది. 1961లో ఏ అండ్ పీ అనే కిరాణా దుకాణాల గొలుసు వారసురాలు మేరీ రాబర్ట్‌సన్, ఆమె భర్త చార్లెస్ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు ఇచ్చారు. అమెరికా ప్రభుత్వంలో, ముఖ్యంగా విదేశీ వ్యవహారాల్లో పని చేసేవాళ్లను తయారుచేయాలని వాళ్ల షరతు. ఆ డబ్బు పెరిగి పెద్దదైంది. 2002లో వాళ్ల పిల్లలు యూనివర్సిటీ మీద కేసు వేశారు, మా అమ్మానాన్నలు చెప్పిన పనికి ఈ డబ్బు వాడటం లేదని. 2008 డిసెంబరులో రాజీ కుదిరింది. ఆ వారసుల కోపం నాకు అర్థమవుతుంది. ప్రభుత్వంలోకి పంపమని డబ్బు ఇస్తే పిల్లలు వేరే కొలువులకు వెళ్తుంటే ఎవరికైనా మండుతుంది. కానీ మనకు కావలసిన విషయం వేరు. ప్రజాసేవ కొలువుల్లో జీతం చిన్నది కనుక ఆ చదువు ఫీజు ముందే ఎవరో ఒకరు భరించాలని 1961లోనే ఆ దంపతులకు తెలుసు. మిగతా స్కూళ్లలో చాలావాటికి దాతల పేర్లు గోడల మీద పెద్దగా ఉన్నాయి. కెనెడీ స్కూల్ మూలాలు 1936లో చేతి తొడుగుల వ్యాపారి లిటావర్ ఇచ్చిన 20 లక్షల డాలర్లలో ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో బ్లావట్నిక్ 2010లో ఏడున్నర కోట్ల పౌండ్లు ఇచ్చాడు. ఆ దానాలన్నీ ఫీజు లేని చదువుగా మారలేదు.

మన దగ్గర ఇంతకన్నా పాత ఉదాహరణ ఉంది. 1913లో అంబేద్కర్ కొలంబియాకు వెళ్లింది బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. తిరిగొచ్చి పదేళ్లు బరోడా సంస్థానంలో పని చేయాలని ఒప్పందం. అక్కడ ఆయన చదివింది ఆర్థికశాస్త్రం, పరిశోధన చేసింది బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ ప్రావిన్సులకూ మధ్య డబ్బు ఎలా పంచుకున్నారన్న దాని మీద. ఈ రోజుల్లో అయితే దాన్ని అచ్చంగా పబ్లిక్ పాలసీ అంటారు. తర్వాత లండన్‌లో చదువు సగంలో ఉండగా స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. 1917లో వదిలేసి రావాల్సి వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆయన్ని పొమ్మనలేదు, డబ్బు పొమ్మంది. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, కొల్హాపూర్ మహారాజు సాయం, ఒక పార్శీ స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని 1920లో మళ్లీ వెళ్లి పూర్తిచేశాడు. ఆ స్కాలర్‌షిప్ ఇంకో రెండేళ్లు ఉండి ఉంటే అన్న ఆలోచన నాకు తరచూ వస్తుంది.

ఇప్పుడు ఆ పని చేయాల్సింది ప్రభుత్వాలు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తారు, బీసీలకు, మైనారిటీలకు ఇలాంటి పథకాలే ఉన్నాయి. మా నాన్న రిటైర్డ్ టీచరు. పింఛను వల్ల ఆదాయ పరిమితి దాటిపోయాం, దాని మీద ఫిర్యాదు లేదు. కానీ అర్హత ఉన్నవాళ్ల తరఫున చెప్తున్నాను. కోటిన్నర చదువుకు 20 లక్షలు ఇస్తే విద్యార్థి ఎమ్మెస్ వైపే తిరుగుతాడు, మిగతా అప్పు తీర్చగలిగింది అదొక్కటే కాబట్టి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పూర్తి ఖర్చు భరిస్తుంది, అది నిజంగా మంచి పథకం. కానీ 2022లో దాని నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకు ఇవ్వబోమన్నారు. మన దేశం గురించి చదవడానికి బయటికెందుకు అని వాదన. 1916లో కొలంబియాలో ఒక సెమినార్‌లో కులాల పుట్టుక మీద పేపరు చదివిన విద్యార్థికి ఈ నిబంధన కింద ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఉపాధి హామీ మీద పరిశోధన చేస్తానని రాసే ఎస్సీ విద్యార్థి ఇప్పుడు తన అసలు ప్రశ్నను దాచి దరఖాస్తు రాయాలి.

ఎదురుచూపులో నన్ను నిజంగా విసిగించేది ఉత్తరాలు రావడం లేదని కాదు, వచ్చే వరుస సరిగా లేకపోవడం. అమెరికా స్కూళ్లు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో దరఖాస్తులు తీసుకుని మార్చిలో చెప్తాయి. ఏప్రిల్ 15 లోపు జవాబివ్వాలనేది అక్కడ చాలా యూనివర్సిటీలు ఆర్థిక సాయంతో ఇచ్చే సీట్లకు పాటించే ఉమ్మడి తేదీ. అటు బ్రిటన్ ప్రభుత్వ చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ చూడండి. 2,800 గంటల ఉద్యోగ అనుభవం ఉండాలి, ముందు ఏడాదే దరఖాస్తు పెట్టాలి, ఇంటర్వ్యూలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఫలితం జూన్‌లో. ఈలోపు ఏప్రిల్‌లో ఇచ్చే సగం డబ్బు సీటు తీసుకోవాలా, జూన్‌లో వచ్చే పూర్తి డబ్బు కోసం దాన్ని వదులుకోవాలా? డిపాజిట్ కట్టి రెండూ చేతిలో పెట్టుకునేవాళ్లున్నారు. వెయ్యి డాలర్లు పోయినా ఫర్వాలేదనుకునే ఇళ్లవాళ్లు. అందుకే ఓపిక పట్టడం కూడా అందరికీ ఒకే ధరకు దొరకదు.

చీవ్‌నింగ్ అయినా, అమెరికాలో చదువుకిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ అయినా, చదువు అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలని షరతు పెడతాయి. చాలామంది ఆ షరతును కష్టంగా చూస్తారు. నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అర్థవంతమైన నిబంధన అదొక్కటే అనిపిస్తుంది. డబ్బు ఇస్తాం, తిరిగి వెళ్లి పని చెయ్యి అంటున్నారు. అప్పు ఇచ్చేవాడు దీనికి సరిగ్గా ఎదురు చెప్తాడు. ఎరాస్మస్ ముండుస్ కింద యూరప్‌లో నడిచే పాలసీ మాస్టర్స్‌లోనూ, జర్మనీలో విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే డాడ్ అనే సంస్థ వాళ్ల హెల్ముట్ ష్మిట్ ప్రోగ్రామ్‌లోనూ పూర్తి స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. హైదరాబాద్‌లో నేను వెళ్లిన కన్సల్టెన్సీలో వీటి పేర్లు కూడా తెలియవు. వాళ్లకు యూనివర్సిటీ నుంచి కమిషన్ రాదు మరి. "బిజినెస్ ఎనలిటిక్స్ చూడండి మేడమ్, స్కోప్ బాగుంది" అన్నాడు అక్కడి కుర్రాడు. మంచివాడే, టీ కూడా తెప్పించాడు.

నా వాదనకు ఎదురుగా గట్టి మాటలు రెండున్నాయి.

మొదటిది: పేరు విలువ. హార్వర్డ్ అని ఉంటే జీవితాంతం తలుపులు తెరుచుకుంటాయి, పదేళ్ల కిస్తీ చూసి భయపడతావేంటి? ఈ మాట చెప్పేవాళ్లు నాకు చూపించే మనుషులందరినీ గమనించాను. తలుపులు తెరుచుకున్నవాళ్లలో చాలామందికి అప్పు లేదు. అప్పు లేదు కనుకే మొదటి మూడేళ్లు చిన్న జీతానికి మంచి చోట పని చేయగలిగారు, ఆ పనివల్ల తలుపులు తెరుచుకున్నాయి. పేరు పనిచేస్తుంది, నిజమే. ఆ పేరు పట్టుకుని తక్కువ జీతపు పనిలో నిలబడే స్తోమత ఉన్నవాళ్లకు ఇంకా బాగా పనిచేస్తుంది. అప్పుతో వెళ్లి వచ్చిన స్నేహితురాలొకామె ఇప్పుడు గురుగ్రామ్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో ఉంది. తెలివైనది, ఆరోగ్య వ్యవస్థల మీద పని చేద్దామని వెళ్లింది. ఇప్పుడు సిమెంటు కంపెనీలకు స్లైడ్లు చేస్తోంది. సిమెంటు కంపెనీల మీద నాకేమీ కోపం లేదు. కాకపోతే దానికి ఎంపీపీ అక్కర్లేదు.

రెండోది ఇంకా గట్టిది: నీలాంటివాళ్లంతా వద్దంటే ఆ తరగతి గదుల్లో డబ్బున్నవాళ్ల పిల్లలే మిగులుతారు, పేదల పథకాల గురించి వాళ్లే రాస్తారు. దీనికి నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. ఉన్నదల్లా ఇది. నేను అప్పు చేసి ఆ గదిలో కూర్చున్నంత మాత్రాన ఆ గది మారదు, అప్పు తీర్చే ఉద్యోగంలోకి వెళ్లాక నేను మారతాను. గదిని మార్చాలంటే స్కాలర్‌షిప్ మీద కొట్లాడాలి. సగం ఫీజు తగ్గింపులను గొప్ప వరంలా సోషల్ మీడియాలో పెట్టుకుని 'థ్రిల్డ్ టు అనౌన్స్' అంటుంటే, స్కూళ్లకు అది చాలనిపిస్తుంది.

ఎదురుచూపు గురించి ఎక్కువ గుండెలు బాదుకోకపోవడానికి నాకు ఇంకో కారణం ఉంది. మా పెద్దమ్మ కొడుకు అశోక్‌నగర్‌లో గది తీసుకుని చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్-1కి చదివాడు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాస్తే, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాస్తే, బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. మెయిన్స్ ఫలితాలు 2025 మార్చిలో, వాటి మీద కోర్టు కేసులు, నియామక పత్రాలు ఆ సెప్టెంబరులో. అప్పటికీ కేసు పూర్తిగా తెగలేదు. వాడూ ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో లోపలి నుంచి చూడాలనుకున్నవాడే. నా మార్చికి ఒక తేదీ ఉంది. రాత్రి పొద్దుపోయాక అమెరికాలో ఎవరో బటన్ నొక్కితే నా పోర్టల్ తెరుచుకుంటుంది. వాడికి తేదీ కూడా లేకపోయింది. "నీకు లేదని చెప్పడానికైనా ఒకడున్నాడు" అన్నాడు ఒకసారి.

లేదన్న ఉత్తరం గురించి కూడా ఒక మాట. ఎంసెట్ మనసుతో చదివితే అది 'నీ ర్యాంకు చాలలేదు' అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ర్యాంకు లేదు. ఒక బ్యాచ్‌లో ఏ ప్రాంతంవాళ్లు, ఏ అనుభవంవాళ్లు ఎంతమంది ఉండాలో వాళ్ల మనసులో ఒక బొమ్మ ఉంటుంది. ఇండియా నుంచి ఉపాధి హామీ మీద పని చేసిన మనిషి ఆ ఏడాది అప్పటికే ఒకరు ఉండి ఉండొచ్చు. తెలుసుకునే మార్గం లేదు, తెలుసుకుని చేసేదీ లేదు. నేను ఆ మెయిల్ చదివి మధ్యాహ్నం మామూలుగానే రికవరీ షీటు పూర్తిచేశాను.

ఇక్కడి కోర్సుల సంగతి తర్వాత అన్నాను. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో చేస్తే విదేశంలో ఒక సెమిస్టర్‌కి అయ్యే ఖర్చులో మొత్తం అయిపోతుంది. గణాంక పద్ధతులు, బడ్జెట్ విశ్లేషణ ఇక్కడా చెప్తారు. 'ఫారిన్' లేదు కనుక బంధువుల ముందు చెప్పుకోవడానికి కొంచెం చిన్నగా ఉంటుంది, అంతే. జూన్ తర్వాత ఏమీ లేకపోతే నేను వెళ్లేది ఈ దారిలోనే.

సగం ఫీజు ఇస్తామన్న స్కూలుకు మెయిల్ రాశాను. అలా రాయవచ్చని చాలామందికి తెలియదు. సీటు ఇచ్చాక ఇంకొంచెం సాయం అడగడం అక్కడ తప్పు కాదు, బేరం అనుకోరు. ఇంటి ఆదాయం, పొలం తాకట్టు ఎందుకు కుదరదో, తిరిగొచ్చాక చేయబోయే పనిలో జీతమెంతో అంకెలతో రాశాను. మొత్తం మీద నా చేతి నుంచి పడేది 25 లక్షలకు మించితే రాలేనని కూడా రాశాను. ఆ హద్దు ఎలా వచ్చిందంటే, దానికి కిస్తీ నెలకు 35 వేల లోపు ఉంటుంది, నేను అనుకున్న ఉద్యోగంలో అది కట్టి బతకగలను. నాన్నకు ఈ అంకె నచ్చలేదు. పొలంలో ఒక ఎకరం అమ్ముదాం, హార్డ్‌వేర్ షాపు నారాయణ అడుగుతున్నాడు అంటున్నాడు. అమ్మేది లేదని నేనంటున్నాను. స్కూలు వాళ్ల జవాబు ఇంకా రాలేదు, మా ఇంట్లో మాత్రం రోజూ రాత్రి అన్నాల దగ్గర దీని మీదే చర్చ.